తరువాతి సంఖ్య యేది?



పొడుపుకథ వినిన పిదప దాని విడుపు తెలియనిదే నిద్రపట్టనివారు మీలో ననేకులుందురు. అంకెలలోను అట్టి పొడుపుకథలు కలవు. కొన్ని సంఖ్యలను వరుసగా వ్రాసి, వాని పిమ్మట ఖాళీ విడిచి, "ఇచ్చట నుండవలసిన సంఖ్య యేది?" అని యడుగుదురు. 3, 7, 11, 15 అని యిచ్చినచో మూడవ తరగతి బాలుడు సైతము 19 అని చెప్పగలడు. 2, 5, 10, 17, 26 అని యిచ్చినచో కొంచెము తడవు ఆలోచింపవలసియుండును. 1, 7, 19, 37, 61 అని యిచ్చినచో పెద్దవారు కూడ కాగితము, పెన్సిలు వెదకుకొందురు. ఇందు ఖర్చు లేదు, ఆటస్థలము అక్కఱలేదు, వానకాలమున అరుగుపై కూర్చుండి యాడుకొనదగిన యాట యిది.

ఈ వ్యాసమున అట్టి వరుసలను విప్పు ఉపాయములు కొన్ని చెప్పి, ఆ యుపాయములే మనలను మోసగించు తావులను గూడ చూపదలచితిని. రెండవ భాగమే ముఖ్యమైనదని నా యభిప్రాయము.

మొట్టమొదట చేయవలసినది తీసివేత. ప్రతి సంఖ్యను దాని తరువాతి సంఖ్యనుండి తీసివేసి, వచ్చిన భేదములను క్రింది వరుసలో వ్రాయవలెను. 2, 5, 10, 17, 26 అనువాని భేదములు 3, 5, 7, 9. వీని భేదములను మరల వ్రాసినచో 2, 2, 2. అన్నియు సమానమైనవి గనుక ఇక దిగనక్కఱలేదు, మెట్లెక్కి రావలెను. 9కి 2 కలిపిన 11. 26కు 11 కలిపిన 37. అదియే విడుపు. ఇందలి ప్రతి సంఖ్యయు ఒక వర్గమునకు ఒకటి యెక్కువ యని గుర్తించినవారికిని 37యే వచ్చును. రెండు త్రోవలు ఒకే యూరు చేరినప్పుడు మనస్సునకు కొంత ధైర్యము కలుగును.

ఇంకొకటి చూడుడు: 1, 4, 10, 20, 35. భేదములు 3, 6, 10, 15. వాని భేదములు 3, 4, 5. వాని భేదములు 1, 1. మూడవ మెట్టున సమానమైనవి. ఎక్కి వచ్చినచో 6, 21, 56. సంతలో బత్తాయిలను త్రికోణపు అడుగుతో గోపురముగా పేర్చినచో పైనుండి లెక్కించుకొనుచు వచ్చు మొత్తములివే: కొననొకటి, రెండవ వరుసతో నాలుగు, మూడవ వరుసతో పది. నడుమ వచ్చిన 3, 6, 10, 15 అనునవి ఒక్కొక్క అంతస్తులోని పండ్లు.

అన్ని వరుసలును ఈ యుపాయమునకు లొంగవు. 1, 10, 2, 20, 3, 30 అనునది రెండు వరుసలను జడవలె అల్లినది. ఒకటి విడిచి యొకటి చదివిన తేటపడును. 31, 28, 31, 30 అనునది మాసముల దినములు. కొన్నిటి నియమము లెక్కలోనే యుండదు. 10, 20, 50, 100, 500 తరువాత 1000 అని 2016 వరకు ఎవరైనను చెప్పుదురు, ఏలయన ఇవి మన నోట్లు. ఆ సంవత్సరము నవంబరులో వేయిరూపాయల నోటు చెల్లకుండపోయెను. రెండువేల నోటు వచ్చెను. 2017లో 100కును 500కును నడుమ 200 చేరెను. 2023లో రెండువేల నోటును రిజర్వు బ్యాంకు చెలామణినుండి ఉపసంహరించెను. ఈ వరుస నియమము సర్కారు ఉత్తరువులలో నున్నది గాని గణితమున లేదు.

ఇక పైన చెప్పి విడిచిన 1, 7, 19, 37, 61 అను వరుసకు వత్తము. దీనిని ప్రతి సంక్రాంతికిని మన ముక్త్యాలలోను, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములందలి ప్రతి పల్లెలోను వాకిట నేలపై చూచుచునే యున్నాము. "ఏడు చుక్కలు, సందుచుక్క నాలుగు వరకు" అని ఆడుపిల్లలు ఒకరికొకరు చెప్పుకొను మాటను వినియుందురు. నడిమి వరుసలో ఏడు చుక్కలు పెట్టి, దానికిరువైపుల సందులలో ఆఱేసి, ఆపై ఐదేసి, ఆపై నాలుగేసి పెట్టుట దాని యర్థము. మొత్తమెన్ని? 4, 5, 6, 7, 6, 5, 4 కలిపిన 37. అట్లే "మూడు చుక్కలు, సందుచుక్క రెండు వరకు" అనిన 7. "ఐదు చుక్కలు, మూడు వరకు" అనిన 19. "తొమ్మిది, ఐదు వరకు" అనిన 61. ఒకే చుక్క 1. చుక్కలు పెట్టు బాలిక మన వరుసను ముందే పెట్టియున్నది.

భేదములు తీసిన 6, 12, 18, 24 వచ్చును. తరువాతిది 30, కావున 61 తరువాత 91. ఇంతటితో పరీక్షకు జవాబు దొరకినది. కాని భేదము ఆఱేసి చొప్పున ఏల పెరుగవలెను? ముగ్గునే చూడుడు. ఈ చుక్కల యమరిక ఆఱు మూలల ఆకారము. దాని చుట్టు మఱియొక చుట్టు పెట్టునప్పుడు ఆఱు వైపులందును ఒక్కొక్క చుక్క అధికముగా పట్టును. అందువలన ప్రతి క్రొత్త చుట్టు పాత చుట్టుకంటె ఆఱు చుక్కలు పెద్దది. ఇది తెలిసిన పిమ్మట 91 అనునది ఊహ కాదు, నిశ్చయము.

ఈ వరుసలో నింకొక వింత దాగియున్నది. సంఖ్యలను మొదటినుండి కలుపుకొనుచు రండు. 1, 1, 7 కలిపిన 8, దానికి 19 కలిపిన 27, 37 కలిపిన 64, 61 కలిపిన 125. ఇవి 1, 2, 3, 4, 5 అనువాని ఘనములు! బల్లపరుపు నేలపై పెట్టిన ముగ్గునకును పెట్టెవంటి ఘనమునకును సంబంధమేమి? పాచికలవంటి చిన్న చిన్న ఘనములను 64 తెచ్చి, పొడవునకు నాలుగు, వెడల్పునకు నాలుగు, ఎత్తునకు నాలుగు వచ్చునట్లు పేర్చుడు. పై పొర తీసివేయుడు: 16 పోయినవి. ఒక ప్రక్క పొర తీసివేయుడు: దానియందిప్పుడు నాలుగు మూళ్లు 12 మాత్రమే కలవు. దానికి ఆనియున్న ప్రక్క పొర తీసివేయుడు: మూడు మూళ్లు 9. పోయినవన్నియు 16, 12, 9 కలిపి 37. మిగిలినది మూడేసి చొప్పున పేర్చిన ఘనము, అనగా 27. మరల 64 పాచికలను పేర్చి, ఆ మూడు పొరలు కలియు మూలకు ఎదురుగా కన్నుంచి చూడుడు. కనబడు పాచికలు సరిగా 37. వాని యమరిక ఆఱు మూలల ముగ్గే. మట్టితో చేసియైనను దీనిని ఒకమాఱు చూడవలెనని నా కోరిక. చెప్పగా వినుటకును చూచుటకును చాల భేదము కలదు.

తెలుగు పాఠమున మీరు నేర్చిన ఛందస్సులోను ఒక గొప్ప వరుస యున్నది. కందపద్య లక్షణము చదివినవారికి గగ, భ, జ, స, నల అను గణములు కంఠస్థములై యుండును. ఇవి యైదే యేల? కందమున నాలుగు మాత్రల గణములే యుండవలెను. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను లఘుగురువులతో నింపుటకు గల విధములు ఐదు మాత్రమే: రెండు గురువులు, గురువొకటి మొదటను, నడుమను, కడపటను ఉండు మూడు విధములు, నాలుగు లఘువులు. ఆఱవది లేదు. ఇక మూడు మాత్రలకెన్ని విధములు? గురువు లఘువు, లఘువు గురువు, మూడు లఘువులు, మొత్తము మూడు. రెండు మాత్రలకు రెండు. ఒక మాత్రకు ఒకటి. వరుస 1, 2, 3, 5 అయినది. ఐదు మాత్రలకెన్ని?

వ్రాసి లెక్కింపవచ్చును, కాని వ్రాయకయే చెప్పవచ్చును. ఐదు మాత్రల గణము లఘువుతోనైన ముగియవలెను, గురువుతోనైన ముగియవలెను. లఘువుతో ముగిసినచో దాని ముందున్నవి నాలుగు మాత్రలు; అవి 5 విధములు. గురువుతో ముగిసినచో ముందున్నవి మూడు మాత్రలు. అవి 3 విధములు. మొత్తము 8. కావున ప్రతి సంఖ్యయు దాని ముందున్న రెంటి మొత్తము: 1, 2, 3, 5, 8, 13, 21. ఐరోపాలో ఇటలీ దేశస్థుడైన ఫిబొనాచ్చి 1202లో తన గణితగ్రంథమున కుందేళ్ల సంతతి లెక్కగా దీనిని వ్రాసెను. అతని పేరనే లోకమున ఇది ప్రసిద్ధి చెందినది. కాని అంతకు పలు శతాబ్దముల పూర్వమే విరహాంకుడను ఛందశ్శాస్త్రజ్ఞుడును, 1150 ప్రాంతమున జైనాచార్యుడగు హేమచంద్రుడును, మాత్రావృత్తముల భేదములు లెక్కించుచు ఈ నియమమునే చెప్పియుండిరి. పద్యపాదములను కొలుచుచు గణితమును కనుగొనిన దేశము మనది. ఇది చెప్పునప్పుడు నాకు కొంచెము గర్వము కలుగును. తెలుగు మాస్టారునకును లెక్కల మాస్టారునకును పొత్తు కుదుర్చు వరుస గనుక ఆనందమును కలుగును.

ఈ వరుసయే కృష్ణ రేవున మరల ఎదురగును. మెట్లెక్కునప్పుడు ఒకప్పుడు ఒక్కొక్క మెట్టును, ఒకప్పుడు రెండేసి మెట్లను దాటుచు పోవుట బాలురకు అలవాటు. పది మెట్లను ఇట్లు ఎన్ని విధములుగా ఎక్కవచ్చును? ఒక మెట్టు లఘువు, రెండు మెట్ల అంగ గురువు. లెక్క మారలేదు, మాత్రలకు బదులు మెట్లు వచ్చినవి. పదవ సంఖ్య 89. రోజునకొక విధము చొప్పున ఎక్కినను దాదాపు మూడు నెలలు పట్టును.

ఇప్పుడు రెట్టింపు వరుస. మీ తాతమ్మలు వాడిన నాణెములలో ఇది యుండెడిది. 1957 ఏప్రిలు 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చువరకు రూపాయకు 16 అణాలు. కాణి, అర్ధణా, అణా, బేడ, పావలా, అర్ధరూపాయి, రూపాయి అను వరుసలో ప్రతిదియు ముందుదానికి రెట్టింపు. కాణీలలో చెప్పినచో 1, 2, 4, 8, 16, 32, 64. బడిమెట్లెక్కని యవ్వలును కూరగాయల బేరమున ఈ వరుసను తడబడక నడపుచుండెడివారు.

రెట్టింపు ఎంత దూరము పోవునో చూపిన తెలుగువాడు పావులూరి మల్లన. తెలుగు గణితగ్రంథములలో మొట్టమొదటిదిగా పేర్కొనబడు సారసంగ్రహ గణితమును పద్యములలో రచించినవాడీతడు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున వ్రాసిన గణితసారసంగ్రహము దీనికి మూలము. చదరంగపు పలకమీద మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు 64 గడులను రెట్టించుచు నింపినచో మొత్తమెంత యగునో మల్లన పద్యరూపమున చెప్పెను. ఆ సంఖ్య 18446744073709551615. ఇరువది యంకెల ఈ సంఖ్యను పద్యమున ఇముడ్చుట యెట్లు? ఐదునకు బదులు బాణము, ఒకటికి చంద్రుడు, తొమ్మిదికి రంధ్రము, సున్నకు ఆకాశము, ఎనిమిదికి ఏనుగు, ఇట్లు అంకెలకు మాటలు పెట్టి, ఒకట్ల స్థానమునుండి ఎడమవైపునకు చదువుకొనునట్లు కూర్చెను. ఒక్క మాట జారినను లెక్క తప్పును. గణము తప్పినచో పద్యము చెడును. రెండు కావళ్లును అతని భుజముననే యుండెను.

ఇరువది యంకెలను మల్లన కాలమున కూడి చూచుట కష్టమని భయపడవలదు. మొదటి రెండు గడుల మొత్తము 3, మూడవ గడి 4. మొదటి మూడు గడుల మొత్తము 7, నాలుగవ గడి 8. మొత్తము ఎప్పుడును తరువాతి గడికి ఒకటి తక్కువ. కావున 64 గడుల మొత్తము, 65వ గడి యున్నచో దానిపై పడవలసినదానికి ఒకటి తక్కువ.

ఇంతవరకు మన యుపాయములు మనకు మేలే చేసినవి. ఇక మోసము చూడుడు.

కాగితముపై వృత్తము గీయుడు. వృత్తరేఖపై రెండు చుక్కలు పెట్టి సరళరేఖతో కలిపినచో వృత్తము 2 భాగములగును. మూడు చుక్కలు పెట్టి ప్రతి చుక్కను ప్రతి చుక్కతో కలిపినచో 4 భాగములు. నాలుగు చుక్కలైన 8. ఐదు చుక్కలైన 16. ఒకే చుక్క యున్నపుడు గీత లేదు గనుక 1 భాగము. వరుస: 1, 2, 4, 8, 16. ఆఱు చుక్కలకెన్ని? కాణి లెక్క నేర్చినవారును, మల్లనను చదివినవారును, గట్టిగా 32 అందురు. గీసి లెక్కింపుడు. 31 వచ్చును. ఎన్నిమార్లు లెక్కించినను 31కి మించి రాదు. చుక్కలను సమదూరమున పెట్టినచో మూడు గీతలు నడుమ ఒకేచోట కలిసి 30 మాత్రమే వచ్చును. కావున కొంచెము ఎడము మార్చి పెట్టవలెను.

ఒక భాగము ఎచ్చటికి పోయినది? ఎచ్చటికిని పోలేదు, అచ్చట రెట్టింపు అను నియమము ఎన్నడును లేదు. గీతలు గీయకముందు భాగము ఒకటి. ప్రతి గీత ఒక భాగమును పెంచును. గీతలు ఖండించుకొను ప్రతి చోటు మఱియొక భాగమును పెంచును. రెండు చుక్కల కొక గీత. నాలుగు చుక్కల కొక ఖండనస్థానము. ఐదు చుక్కలకు గీతలు 10, ఖండనములు 5, మొదటి భాగము 1, మొత్తము 16. ఆఱు చుక్కలకు గీతలు 15, ఖండనములు 15, మొదటిది 1, మొత్తము 31. ఏడు చుక్కలకు 21, 35, 1, మొత్తము 57. ఓపిక గలవారు 1, 2, 4, 8, 16, 31, 57 అనువానికి భేదములు తీసి చూడుడు. నాలుగవ మెట్టున 1, 1, 1 అని సమానముగా వచ్చును. మన మొదటి యుపాయము ఇచ్చట పనికివచ్చును గాని, ఐదు సంఖ్యలు చూచి తొందరపడినవానికి కాదు.

ముగ్గునకును వృత్తమునకును గల భేదమును గమనింపుడు. ముగ్గున మనకు కారణము తెలియును. వృత్తమున పోలిక మాత్రమే తెలిసియుండెను. ఐదు సంఖ్యలు రెట్టింపును పోలియున్నవని ఆఱవది పోలునను నియమము లేదు.

దీనినుండి యొక చిక్కు పుట్టును. ఎనిమిదవ తరగతిలో ఒకనాడు 1, 2, 4 అని నల్లబల్లపై వ్రాసి తరువాతిది చెప్పుడనగా, పలువురు 8 అనిరి. ఒక బాలుడు 7 అనెను: భేదములు 1, 2, 3 అని అతని కారణము. దోసెను తిన్నని కోతలతో కోయునపుడు, ఒక కోతకు 2, రెండు కోతలకు 4, మూడు కోతలకు ఎక్కువలో ఎక్కువ 7 ముక్కలగునన్నది దానికి చక్కని సాక్ష్యము. వెనుక బల్లమీది బాలిక యొకతె 5 అనెను. తరగతి యంతయు నవ్వెను. ఏల 5 అని యడుగగా, "ఇరువదిని భాగించు సంఖ్యలండీ: 1, 2, 4, 5, 10, 20" అని నిలువబడి చెప్పెను. నవ్వు ఆగిపోయెను. ఆ పిల్ల జవాబు తప్పని చెప్పుటకు గణితశాస్త్రమున నాకు ఏ యాధారమును లేదు. మూడు సంఖ్యలు మాత్రమే యిచ్చినపుడు వానికి అతుకు నియమములు లెక్కకు మిక్కిలి. నాలుగవ తావున ఏ సంఖ్య పెట్టినను దానిని సమర్థించు సూత్రమొకటి కల్పింపవచ్చును.

అయినను పరీక్షలలో నాలుగు జవాబు లిచ్చి ఒకదానినే యొప్పుగా గ్రహింతురు. ఇది మన పిల్లలకు వట్టి వినోదము కాదు. 2008లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకారవేతన పరీక్షను ప్రభుత్వ, స్థానికసంస్థల, ఎయిడెడ్ పాఠశాలల ఎనిమిదవ తరగతివారు వ్రాయుదురు. అందు మానసిక సామర్థ్య పరీక్షకు 90 ప్రశ్నలు. వానిలో అంకెల వరుసలును ఉండును. ఎన్నికైన పేద విద్యార్థికి తొమ్మిదవ తరగతినుండి ఇంటర్మీడియెట్ ముగియువరకు ఏటికి 12,000 రూపాయలు వచ్చును. కూలికి పోవు తల్లిదండ్రుల యింట ఆ సొమ్ము బిడ్డను బడి మానకుండ నిలుపగలదు. కావున అచ్చట 5 వ్రాయుమని నేను చెప్పను. పరీక్షలో నడుగునది "ఏది సత్యము?" అని కాదు, "ఈ వరుసను అందఱికంటె సులభముగా పలుకు నియమమేది?" అని. ముందు భేదములు తీయుడు. కుదరనిచో భాగహారము, వర్గములు, ఘనములు, అల్లిన వరుసలు చూడుడు. ఒక నిమిషమునకు లొంగనిదానిని విడిచి ముందునకు పోయి, కాలము మిగిలిన మరల రండు. ఆఖరున, దొరకిన నియమము ఇచ్చిన ప్రతి సంఖ్యకును సరిపోవుచున్నదో లేదో మొదటినుండి సరిచూడుడు. సగము సంఖ్యలకు సరిపోవు నియమము నియమమే కాదు.

ఉపాధ్యాయమిత్రులకు ఒక్క మాట. అభ్యాసపుస్తకముల వెనుక ముద్రించిన జవాబుతో సరిపోలలేదని ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటకు ముందు, కారణము అడుగుడు. కారణము లేని 8 కంటె కారణము గల 5 విలువైనది. ఒకమాఱు నవ్వులపాలైన బాలిక రెండవమాఱు లేచి నిలువబడదు. ఆ నష్టము ఏ మార్కుల పట్టికలోను కనబడదు.

అంకెల వరుసలను జీవితమంతయు ప్రోగుచేసినవారు కలరు. నీల్ స్లోన్ అను గణితవేత్త అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున పరిశోధకవిద్యార్థిగా నున్నపుడు, 1964లో, తనకు తటస్థపడిన వరుసలను పుస్తకమున వ్రాసికొన మొదలిడెను. 1973లో 2,372 వరుసలతో నొక గ్రంథము ప్రకటించెను. 1996లో ఆ సంగ్రహము అంతర్జాలమున చేరెను; నేడందు మూడున్నర లక్షలకు మించిన వరుసలున్నవి. ఎవరైనను కొన్ని సంఖ్యలు వ్రాసి అడిగినచో, అవి యే వరుసలలో వచ్చునో అది చూపును. 1, 2, 4 అని యడిగినచో కుప్పలు తెప్పలుగా జవాబులు వచ్చును; మన వెనుకబల్ల బాలిక కది ఊరట. ముగ్గు చుక్కల వరుసయు అందున్నది. మన దేశమున, నాసిక్ సమీపమున దేవలాలీలో సామాన్య పాఠశాలోపాధ్యాయుడైన కాప్రేకర్ అంకెలతో ఆడుకొనుటయే తన విశ్రాంతిగా చేసికొనెను. నాలుగంకెల సంఖ్యను, అంకెలన్నియు ఒకటే కానిదానిని, తీసికొని, పెద్దనుండి చిన్నకును, చిన్ననుండి పెద్దకును పేర్చి, ఒకదానినుండి ఒకటి తీసివేయుచు పోయినచో ఏడు మెట్లలోపల 6174 వచ్చి అచ్చటనే నిలుచునని ఆయన 1949లో మద్రాసు గణితసభలో ప్రకటించెను. మన ఎన్.టి.ఆర్. జిల్లా యేర్పడిన 2022ను తీసికొందము. 2220 నుండి 0222 పోగా 1998. 9981 నుండి 1899 పోగా 8082. 8820 నుండి 0288 పోగా 8532. 8532 నుండి 2358 పోగా 6174. మీరు పుట్టిన సంవత్సరముతో చేసి చూడుడు.

ఇక మీ వంతు. విడుపుతోబాటు కారణమును గూడ కాగితముపై వ్రాసి గణితోపాధ్యాయులకు చూపవలెను.

1, 3, 7, 15, 31, తరువాత? దీని కారణము పైన మల్లన ముచ్చటలో నున్నది.

1, 5, 13, 25, 41, తరువాత? ఇదియు ముగ్గే, కాని సందుచుక్కలది కాదు. నడిమి వరుసలో ఏడు పెట్టి, ఇరువైపుల ఐదు, మూడు, ఒకటి పెట్టినచో 25. మొత్తమును రెండు వర్గములుగా విడదీయ యత్నింపుడు.

1, 11, 21, 1211, 111221, తరువాత? దీనికి తీసివేత పనికిరాదు. ఒక్కొక్కదానిని చూచి, ఏ యంకె యెన్ని యున్నవో పైకి చదువుడు.

కడపటిది: 2, 3, 5, తరువాత? ఒకరు 6 అనిరి, ఒకరు 7, ఒకరు 8, ఒకరు 9. నలుగురి జవాబును సరియైనదే. నాలుగు కారణములను కనుగొనుడు.